మైకుసెట్టు వెనుక పెట్టె: ఆంప్లిఫయర్ నూరేళ్ల నడక

తెలుగు ఊళ్లలో పెళ్లి పందిరికీ, శ్రీరామనవమి చలువ పందిరికీ, ఎన్నికల సభకూ, జాతరకూ అద్దెకు వచ్చే మైకుసెట్టులో మూడు ప్రధాన భాగాలు ఉంటాయి. గొంతులోని ధ్వనిని అతి స్వల్పమైన విద్యుత్ సంకేతంగా మార్చేది మైకు, ఆ సంకేతానికి బలం చేకూర్చేది ఆంప్లిఫయర్, బలపడిన విద్యుత్తును తిరిగి ధ్వనిగా మార్చి జనం మీదికి పంపేది లౌడ్‌స్పీకర్. సభకు వచ్చినవారికి వేదిక మీది మైకూ, చెట్టు మీది హారనూ కనబడతాయి గాని, వాటి నడుమ బల్ల కింద ఉండే ఆంప్లిఫయర్ పెట్టె కనబడదు. సెట్టు కొనేవాడు మాత్రం మొదట బేరమాడేది ఆ పెట్టె గురించే. ఎన్ని వాట్లు, ఎంత ధర అన్న రెండు ప్రశ్నలతో మొదలయ్యే ఆ బేరం వెనుక నూరేళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రను వరుసగా పరిశీలిస్తే, ప్రతి తరంలోనూ కొన్నవాడికి నిజంగా కలిసివచ్చిన ఆంప్లిఫయర్ ఊళ్లో దొరికే కరెంటుకూ, చెట్టుకు కట్టే హారనుకూ, దగ్గరి పట్నంలోని మెకానిక్కు చేతికీ సరిపోయినదేనని తెలుస్తుంది.

గొంతే ఆధారమైన కాలం

ఆంప్లిఫయర్ రాకముందు సభ ఎంత పెద్దదిగా ఉండాలో గొంతే నిర్ణయించేది. ఊరి కబుర్లను టముకు వేసి చాటేవారు. హరిదాసు చిడతల తాళంతో పాటు గొంతును పందిరి చివరిదాకా పంపగలిగితేనే జనం తెల్లవార్లూ కూర్చునేవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజమూ, ఆ తరువాత వచ్చిన పౌరాణిక నాటక సమాజాలూ హార్మోనియం శ్రుతికి ఎత్తుగా రాగం తీయగల నటులను వెదుక్కోవడంలో సంగీతాభిరుచితో పాటు, వెనుక నేల మీద కూర్చున్న ప్రేక్షకుడికి పద్యం వినబడాలన్న అవసరమూ ఉంది. వేలమంది చేరే రాజకీయ సభల్లో పరిస్థితి మరింత కష్టం. ముందు వరుసలకు తప్ప మిగిలినవారికి నాయకుడి దర్శనమే గాని మాట దక్కేది కాదు.

వాల్వుల పుట్టుక

ఈ పరిస్థితిని మార్చిన సాధనం అమెరికాలో పుట్టింది. 1906లో లీ డి ఫారెస్ట్ అనే ఇంజినీరు గాలి తీసివేసిన గాజు బుడ్డిలో, వేడెక్కే తీగకూ లోహపు పలకకూ నడుమ మూడో భాగంగా ఒక జాలిని చేర్చాడు. జాలి మీద వోల్టేజీ కొద్దిగా మారితే పలక వైపు పారే కరెంటు చాలా ఎక్కువగా మారుతుంది. చిన్న సంకేతాన్ని పెద్దది చేసే విద్య ఆ మూడు భాగాల అమరికలోనే ఉంది. రేడియో మెకానిక్కులు వాల్వు అని పిలిచినది ఈ గాజు బుడ్డినే. అదే కాలంలో కాలిఫోర్నియాలోని నాపాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధమ్ అనే ఇద్దరు అయస్కాంతం నడుమ తీగచుట్ట కదిలే లౌడ్‌స్పీకర్‌ను రూపొందించి, 1915 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో జనానికి మాగ్నావాక్స్ అనే పేరుతో వినిపించారు. 1919 సెప్టెంబరు 19న శాన్ డియాగో స్టేడియంలో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ దాదాపు 50 వేల మందిని ఉద్దేశించి వారి పరికరాల సాయంతోనే ప్రసంగించాడు. 1921 నవంబరు 11న ఆర్లింగ్టన్‌లో అధ్యక్షుడు హార్డింగ్ చేసిన ప్రసంగాన్ని టెలిఫోన్ తీగల మీదుగా న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాలకు పంపి, అక్కడ గుమిగూడిన జనానికి లౌడ్‌స్పీకర్లలో వినిపించారు. దీంతో బహిరంగ సభకు పరిమితి గొంతు బలం నుంచి యంత్రబలానికి మారింది.

భారతదేశంలో ఈ యంత్రానికి మొదటి పెద్ద వాడుకదారు జాతీయోద్యమం. బొంబాయిలో మోత్వానే కుటుంబం నడిపిన చికాగో రేడియో సంస్థ 1930ల నుంచి కాంగ్రెస్ సభలకు లౌడ్‌స్పీకర్లు సమకూర్చింది. గాంధీ, నెహ్రూ మాట్లాడుతున్న నాటి ఛాయాచిత్రాల్లో మైకు మీద ఆ సంస్థ పేరు నేటికీ చదవవచ్చు. తరువాతి దశాబ్దంలో, 1940లో, ఢిల్లీలో మొదలైన అహూజా రేడియోస్ సంస్థ చిన్న సభలకూ, దేవాలయాలకూ, బడులకూ సరిపోయే సెట్ల తయారీలో స్థిరపడి, క్రమంగా దేశంలోని ప్రతి పట్నానికీ తెలిసిన పేరుగా మారింది.

వాల్వు ఆంప్లిఫయర్ ధర ఎందుకు ఎక్కువగా ఉండేదో దాని నిర్మాణమే చెబుతుంది. పలక మీద 350 నుంచి 450 వోల్టుల దాకా వోల్టేజీ నిలవాలి గనుక కరెంటు సరఫరాకు బరువైన ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అంత వోల్టేజీ మీద తక్కువ కరెంటుతో పనిచేసే వాల్వును, తక్కువ వోల్టేజీ మీద ఎక్కువ కరెంటు కోరే లౌడ్‌స్పీకర్‌తో జతపరచడానికి మరో ట్రాన్స్‌ఫార్మర్ కావాలి; దీనినే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అంటారు. 1936లో ఆర్‌సీఏ సంస్థ విడుదల చేసిన 6ఎల్6, తరువాత యూరప్ నుంచి వచ్చిన ఈఎల్34 వంటి వాల్వులను జతగా వాడి 25, 30 వాట్ల ఆంప్లిఫయర్లు కట్టేవారు. ఒక జత ఈఎల్34 వాల్వుల తీగలు వేడెక్కడానికే సుమారు 19 వాట్లు ఖర్చవుతాయి. సభలో ఒక్క మాట పలకకముందే అంత విద్యుత్తు వేడిగా పోతుందన్న మాట. 1954లో బెంగళూరులో ఏర్పడిన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ వాల్వులను దేశంలోనే తయారు చేయడం మొదలుపెట్టాక విడిభాగాల కొరత కొంత తీరింది గాని, గుంతల దారిలో ఎడ్లబండి మీద ప్రయాణించే గాజు బుడ్డికి ఆయుష్షు తక్కువే.

కరెంటు లేని ఊరికి ఈ సెట్టును తీసుకువెళ్లడం మరో సమస్య. లారీ బ్యాటరీలోని కొద్ది వోల్టులను వందల వోల్టులుగా పెంచడానికి వైబ్రేటర్ అనే పరికరం వాడేవారు. అది బ్యాటరీ కరెంటును క్షణానికి అనేకసార్లు తెంచి కలుపుతూ ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపుతుంది. దాని స్పర్శలు అరిగిపోతే సభ మధ్యలోనే సెట్టు మూగబోయేది. అందువల్ల తొలితరం అద్దె వ్యాపారి ఆంప్లిఫయర్‌తో పాటు అదనపు వాల్వులనూ, అదనపు వైబ్రేటర్‌నూ, టంకం ఇనుమునూ పెట్టెలో పెట్టుకుని బయలుదేరేవాడు.

అద్దె వ్యాపారం ఏర్పడిన తీరు

స్వాతంత్ర్యం తరువాతి రెండు మూడు దశాబ్దాల్లో మైకుసెట్టు ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఒక ప్రత్యేక వృత్తిగా స్థిరపడింది. షామియానాలు, కుర్చీలు, పెట్రోమాక్స్ దీపాలు అద్దెకిచ్చే దుకాణమే చాలాచోట్ల మైకుసెట్టునూ అద్దెకిచ్చింది. కొన్నిచోట్ల రేడియో బాగుచేసే మెకానిక్కు తానే సెట్టు కొని వ్యాపారిగా మారాడు. 1952 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలు మొదలుకొని ప్రతి ఎన్నికా ఈ వ్యాపారానికి కోతల కాలం వంటిది అయింది. జట్కా మీదా, రిక్షా మీదా హారను కట్టి కొత్త సినిమా కబురు చాటడం, పెళ్లింట తెల్లవారుజాము నుంచే గ్రామఫోన్ రికార్డులు వేయడం, పంచాయతీ కార్యాలయం మీది హారను ద్వారా రేడియో వార్తలూ వ్యవసాయ కార్యక్రమాలూ ఊరంతటికీ వినిపించడం ఆ కాలపు అలవాట్లు.

కళారూపాలు కూడా యంత్రానికి తగినట్టు సర్దుకున్నాయి. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి చేతిలో రాజకీయ ప్రచారానికి వాహకమైన బుర్రకథ, మైకు అందుబాటులోకి వచ్చాక వేలమంది సభలకు చేరింది. కథకుడూ ఇద్దరు వంతలూ ఒకే మైకు చుట్టూ చేరి, వంతు వచ్చినప్పుడు ముందుకు వంగడం బుర్రకథ వేదిక మీద మామూలు దృశ్యమైంది. పౌరాణిక నాటకాల్లో వేదిక ముందుభాగాన నిలబెట్టిన మైకుల దగ్గరికి వచ్చి నటుడు పద్యం అందుకునేవాడు. రథం మీద ఉండవలసిన పాత్ర కూడా పద్యం వచ్చేసరికి మైకు ముందుకు నడవక తప్పేది కాదు. ఒకటి రెండు మైకులకు మించి కలుపుకోలేని చిన్న ఆంప్లిఫయరే ఈ నడకను నిర్దేశించింది.

ఆ కాలపు సెట్ల వాట్లు నేటి లెక్కలో అత్యల్పం. 30 వాట్ల పెట్టెతో ఊరు ఊరంతా వినిపించగలగడం హారను వల్ల సాధ్యమైంది. హారను అంటే గొట్టం ఆకారంలో విప్పారే లోహపు కొమ్ము. దాని మొదట్లో బిగించే చిన్న డబ్బాను యూనిట్ అంటారు. యూనిట్‌లోని పలుచని డయాఫ్రమ్ కదలికను కొమ్ము బయటి గాలితో చక్కగా జతపరుస్తుంది గనుక మామూలు స్పీకరులో కంటే విద్యుత్తులో ఎక్కువ భాగం ధ్వనిగా మారుతుంది. ఈ సామర్థ్యాన్ని ఒక వాటు ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్‌ల ధ్వని వస్తుందో చెప్పి కొలుస్తారు; డెసిబెల్ అనేది ధ్వని తీవ్రతకు కొలమానం. హారను ఒక వాటుకు 105 డెసిబెల్‌లు ఇస్తే, మామూలు పెట్టె స్పీకరు 90 ఇస్తుందనుకుందాం. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్‌లే గనుక, ఈ 15 డెసిబెల్‌ల తేడాను ఆంప్లిఫయర్ బలంతో పూడ్చాలంటే సుమారు 32 రెట్ల వాట్లు కావాలి. పది వాట్లు అందుకున్న హారనుతో సమానంగా మోగడానికి ఆ పెట్టెకు 300 వాట్లకు పైగా అవసరమవుతుంది. హారనులో మృదంగపు గంభీరనాదం వినబడదు, పాట పలుచగా వస్తుంది. అయితే మాటకు అవసరమైన మధ్యస్థాయి ధ్వనులు దూరానికి స్పష్టంగా చేరతాయి. ఆంప్లిఫయర్ వాటు ఖరీదైన కాలంలో వ్యాపారులు హారనును ఎంచుకోవడం లెక్క తెలిసిన పనే.

తీగల లెక్క

ఆంప్లిఫయర్ వెనుక పలక మీద వరుసగా బిగించిన మరలు ఈ వృత్తి నేర్చుకునేవాడికి మొదటి పాఠం. వాటి మీద కామన్ అనీ, 4, 8, 16 ఓములు అనీ, 70, 100 వోల్టులు అనీ రాసి ఉంటుంది. ఓము అంటే కరెంటు ప్రవాహానికి ఎదురయ్యే నిరోధానికి కొలత. చాలా హారను యూనిట్లు 16 ఓములవి. ఒక హారనుంటే 16 మర, పక్కపక్కన కలిపిన రెండింటికి 8 మర, నాలుగింటికి 4 మర వాడాలి. లెక్క తప్పి నాలుగు హారన్లను 16 మరకు తగిలిస్తే ఆంప్లిఫయర్ మీద మోయలేని భారం పడుతుంది. చదువు లేని సహాయకుడు కూడా హారన్లు లెక్కపెట్టి మర చూపించగలిగేవాడు, ఎందుకంటే ఆ లెక్క తప్పితే కాలిపోయే భాగాల ఖరీదు నెల జీతాన్ని మించేది.

100 వోల్టుల మర ప్రయోజనం దూరాలకు సంబంధించినది. వేదికకు 100 మీటర్ల దూరంలో హారను కట్టాలంటే పోయే తీగ, వచ్చే తీగ కలిపి 200 మీటర్ల తీగ కావాలి. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత గల రాగి తీగ అంత పొడవుకు సుమారు 3.5 ఓముల నిరోధం చూపుతుంది. 8 ఓముల స్పీకరును నేరుగా ఆ తీగకు కలిపితే ఆంప్లిఫయర్ ఇచ్చిన శక్తిలో 30 శాతం తీగలోనే వేడిగా పోతుంది. అదే 100 వాట్ల శక్తిని 100 వోల్టుల మీద పంపితే తీగలో పారేది ఒక ఆంపియరు కరెంటే గనుక నష్టం 4 శాతానికి లోపే ఉంటుంది. అవతలి కొసన హారను దగ్గర ఒక చిన్న లైన్ ట్రాన్స్‌ఫార్మర్ ఆ వోల్టేజీని తిరిగి యూనిట్‌కు తగినంతగా తగ్గిస్తుంది. విద్యుత్ బోర్డు దూరప్రాంతాలకు ఎక్కువ వోల్టేజీతో కరెంటు పంపే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. గుడి ప్రాకారం చుట్టూ, రైల్వే స్టేషన్ పొడవునా, జాతర బాట వెంట వరుసగా హారన్లు మోగించగలగడానికి ఈ పద్ధతే కారణం. సన్నని తీగతో పని జరిగిపోవడం వల్ల అద్దె వ్యాపారికి రాగి ఖర్చు కూడా మిగిలింది.

ట్రాన్సిస్టర్ తెచ్చిన మార్పు

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టర్ పుట్టింది. వాల్వు చేసే పనిని వేడి తీగ గాని, గాజు బుడ్డి గాని లేకుండా ఘనపదార్థంలోనే చేసే ఈ పరికరం మొదట్లో చిన్న రేడియోలకే పనికివచ్చింది. 1960ల తొలినాళ్లలో ఆర్‌సీఏ సంస్థ 2ఎన్3055 అనే సిలికాన్ ట్రాన్సిస్టర్‌ను విడుదల చేసిన తరువాత పెద్ద ఆంప్లిఫయర్లు సాధ్యమయ్యాయి. రెండు మరలతో లోహపు రెక్కల పలకకు బిగించే ఈ గుండ్రటి లోహపు టోపీ 15 ఆంపియర్ల కరెంటునూ, 60 వోల్టులనూ తట్టుకుంటుంది. ధర తగ్గిన కొద్దీ అది భారతీయ మెకానిక్కుకు అత్యంత పరిచితమైన భాగంగా మారి, కాలిపోతే ఏ జిల్లా కేంద్రంలోనైనా కొనుక్కుని అరగంటలో మార్చుకోగలిగినదైంది.

ట్రాన్సిస్టర్ అసలు బలం బ్యాటరీ మీద తేలింది. అది కొద్ది వోల్టుల మీదే పనిచేస్తుంది గనుక వైబ్రేటర్ అవసరం పోయింది. అయితే 12 వోల్టులకు సహజంగానే ఒక పరిమితి ఉంది. అంత వోల్టేజీ నుంచి 4 ఓముల స్పీకరుకు నేరుగా రాగలిగేది సుమారు నాలుగున్నర వాట్లే. పీఏ ఆంప్లిఫయర్ల తయారీదారులు ఇక్కడ పాత అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను వదులుకోకుండా, జతగా పనిచేసే ట్రాన్సిస్టర్ల వెనుక నిలబెట్టి, 12 వోల్టుల నుంచే 100 వాట్లకు పైగా రాబట్టారు. పీఏ అంటే బహిరంగ ప్రసంగ వ్యవస్థ. ఇంట్లో పాటలు వినే ఆంప్లిఫయర్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ మాయమైన తరువాత కూడా పీఏ ఆంప్లిఫయర్‌లో అది నిలిచిపోవడానికి బ్యాటరీ, 100 వోల్టుల లైను అనే రెండు అవసరాలే కారణం. మెయిన్స్ కరెంటుతోనూ బ్యాటరీతోనూ నడిచే ఇటువంటి పెట్టె 100 వాట్లు పూర్తిగా ఇస్తున్నప్పుడు బ్యాటరీ నుంచి సుమారు 14 ఆంపియర్లు లాగుతుంది. ప్రసంగంలో విరామాలు ఎక్కువ గనుక సగటు వాడకం అందులో కొద్ది భాగమే. ఒక మంచి లారీ బ్యాటరీతో సాయంత్రం సభ మొత్తం గడిచిపోయేది.

కరెంటు వచ్చినా నిలకడ లేని గ్రామాలకు ఈ పెట్టె వరమైంది. ప్రచార జీపులు, ఆటోలు, ఊరేగింపు బండ్లు దీని మీదే నడిచాయి. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించిన ఎన్.టి. రామారావు పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్చుకుని, దాని మీద నుంచే మైకులో మాట్లాడుతూ రాష్ట్రమంతా తిరిగి, 1983 జనవరి ఎన్నికల్లో గెలిచిన తరువాత, సంచార ప్రచారం తెలుగు రాజకీయాల్లో స్థిరమైన పద్ధతి అయింది. అదే దశాబ్దంలో గ్రామఫోన్ రికార్డు స్థానాన్ని క్యాసెట్ ఆక్రమించడంతో ఆంప్లిఫయర్‌తో పాటు ఒక టేపురికార్డరు ఉంటే చాలు, ఎవరైనా మైకుసెట్టు వ్యాపారం పెట్టవచ్చునన్న పరిస్థితి వచ్చింది.

పెట్టెలు, బోర్డులు, అంకెలు

సినిమా పాటల ఆర్కెస్ట్రాలు పెళ్లి వేదికలకు ఎక్కినప్పుడు హారను లోటు బయటపడింది. గిటారు, డ్రమ్ములు పలికే మంద్రస్వరాలకు చెక్కపెట్టెలో అమర్చిన పెద్ద స్పీకర్లు కావలసి వచ్చాయి. వాటికి 100 వోల్టుల లైను సరిపడదు. దగ్గరలోనే ఉండి మందపాటి తీగతో 4, 8 ఓముల భారాన్ని నేరుగా నడిపే వేరే జాతి ఆంప్లిఫయర్ కావాలి. 1967లో అమెరికాలో క్రౌన్ సంస్థ తెచ్చిన డీసీ300 ఈ జాతికి తొలి ఉదాహరణల్లో ఒకటి. 8 ఓముల మీద ఒక్కో వైపు 150 వాట్లు ఇవ్వగల ఆ పెట్టెకు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేదు. అటువంటి దిగుమతి సరుకు తెలుగు పట్నాల అద్దె వ్యాపారికి అందే ధరలో ఉండేది కాదు.

ఆ ఖాళీని పూరించింది అసెంబుల్డ్ ఆంప్లిఫయర్. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ, మద్రాసులోని రిచీ వీధి, ఢిల్లీలోని లాజ్‌పత్‌రాయ్ మార్కెట్ వంటి చోట్ల బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు, లోహపు డబ్బా విడివిడిగా కొనుక్కుని మెకానిక్కులు సొంతంగా పెట్టెలు కట్టసాగారు. మొదట్లో 2ఎన్3055 జతలూ, తరువాత తోషిబా రూపొందించిన సీ5200, ఏ1943 ట్రాన్సిస్టర్ల జతలూ ఈ పెట్టెలకు ఆధారమయ్యాయి. ఎన్ని జతలు వరుసగా బిగించారన్నదే పెట్టె బలానికి కొలమానమైంది. కంపెనీ సరుకు ధరలో కొంత భాగానికే రావడం, కట్టినవాడే బాగుచేయడం దీని గుణాలు. స్పీకరు తీగలు కలిసిపోయినప్పుడు ఆంప్లిఫయర్‌ను ఆపే రక్షణ, ట్రాన్సిస్టర్ చెడినప్పుడు ఏకముఖ (డీసీ) కరెంటు స్పీకరు కాయిల్‌లోకి పోకుండా తెంచే రక్షణ వంటివి ఖర్చు తగ్గించుకునే తొందరలో వదిలివేయడం దీని దోషం. ఒక ట్రాన్సిస్టర్ షార్టు అయితే పెట్టెలోని స్పీకర్లు కూడా దానితో పాటు కాలిపోవడం అసెంబుల్డ్ సెట్ల చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపించే నష్టం.

వాట్లు అమ్మకపు సరుకైన తరువాత అంకెలు కూడా పెరిగాయి. సంగీతం సాగుతున్నంతసేపూ ఆంప్లిఫయర్ నిలకడగా ఇవ్వగల శక్తిని ఆర్‌ఎంఎస్ వాట్లు అని వ్యవహరిస్తారు. ఒక్క లిప్తపాటు, ఆదర్శ పరిస్థితుల్లో రాగలదని ఊహించి చెప్పేది పీఎంపీఓ. దీనికి అందరూ అంగీకరించిన కొలత పద్ధతి అంటూ లేదు. అమెరికాలో ఇటువంటి ప్రకటనలు శ్రుతి మించడంతో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ఇళ్లలో వాడే ఆంప్లిఫయర్ల శక్తిని ఏ పద్ధతిలో కొలిచి చెప్పాలో నిర్దేశిస్తూ నిబంధన తెచ్చింది. భారతీయ బజారులో మాత్రం పీఎంపీఓ అంకెలు చాలాకాలం అట్టపెట్టెల మీద రాజ్యమేలాయి. పెట్టె వెనుక రాసి ఉండే విద్యుత్ వాడకపు అంకెను చూస్తే నిజం తెలిసిపోతుంది. గోడ నుంచి 100 వాట్లు తీసుకునే యంత్రం 1000 వాట్లను నిలకడగా ఇవ్వజాలదు.

బరువు తగ్గిన తరం

ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌లో చాలాకాలం వాడిన బీ తరగతి, దాని మెరుగైన రూపమైన ఏబీ తరగతి అమరికల్లో సామర్థ్యం సిద్ధాంతరీత్యా కూడా 78.5 శాతాన్ని మించదు, ఆచరణలో అంతకంటే తక్కువే. మిగిలినది వేడిగా మారుతుంది గనుక లోహపు రెక్కలూ పంకాలూ తప్పవు. డీ తరగతి ఆంప్లిఫయర్ ట్రాన్సిస్టర్‌ను పూర్తిగా తెరవడం, పూర్తిగా మూయడం అనే రెండు స్థితుల మధ్య క్షణానికి లక్షల సార్లు మారుస్తూ, తెరిచి ఉంచే కాలాన్ని ధ్వనికి అనుగుణంగా హెచ్చించి తగ్గిస్తుంది. 1964లోనే ఇంగ్లండులో సింక్లెయిర్ సంస్థ ఈ పద్ధతిలో ఎక్స్-10 అనే చిన్న ఆంప్లిఫయర్‌ను అమ్మినా, నాటి ట్రాన్సిస్టర్లు అంత వేగాన్ని అందుకోలేక అది నిలదొక్కుకోలేదు. మాస్‌ఫెట్‌లు అనే వేగవంతమైన ట్రాన్సిస్టర్లు వచ్చిన తరువాత డీ తరగతి 90 శాతం దాకా సామర్థ్యంతో స్థిరపడింది. ఇనుప ట్రాన్స్‌ఫార్మర్‌కు బదులు స్విచింగ్ పద్ధతిలో నడిచే విద్యుత్ సరఫరా కూడా తోడవడంతో, ఇద్దరు మోసే పెట్టె ఒక చేతి సంచిలో పట్టేంత అయింది. స్పీకరు పెట్టెలోనే ఆంప్లిఫయర్‌ను ఇమిడ్చిన పవర్డ్ స్పీకర్లు చిన్న హాలుకు చాలినంత ధ్వనిని తక్కువ ఖర్చుతో ఇస్తున్నాయి.

ఈ లాభానికి ఒక నష్టం జతగా వచ్చింది. 2ఎన్3055ను గుర్తుపట్టి మార్చిన మెకానిక్కు, కంటికి ఆనని భాగాలతో నిండిన డీ తరగతి బోర్డు ముందు నిస్సహాయుడవుతున్నాడు. బోర్డు మొత్తం మార్చడమే మరమ్మతు కాగా, ఆ బోర్డు దొరకనప్పుడు ఆంప్లిఫయర్ పాత ఇనుము ధర పలుకుతుంది. వాల్వు కాలంలో విడిభాగాల పెట్టెను వెంట తీసుకువెళ్లిన వ్యాపారికీ, నేడు అదనంగా మరో ఆంప్లిఫయర్‌నే వెంట తీసుకువెళ్లే వ్యాపారికీ సమస్య ఒకటే, పరిష్కారం మాత్రం మారింది.

మోతకు హద్దు

అధిక శబ్దం మీద ఫిర్యాదులు పెరిగిన కొద్దీ చట్టం జోక్యం చేసుకుంది. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2000లో వెలువడిన శబ్ద కాలుష్య నిబంధనలు లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతిని తప్పనిసరి చేసి, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశాల్లో దాని వాడకాన్ని నిషేధించాయి. పండుగల కోసం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే వీలు రాష్ట్రాలకు తరువాత లభించింది. 2005 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ నియమాలను మరింత బిగించింది. సభాస్థలి సరిహద్దు దగ్గర ధ్వని ఆ ప్రాంతానికి నిర్దేశించిన ప్రమాణం కంటే 10 డెసిబెల్‌లకు మించి గాని, 75 డెసిబెల్‌లకు మించి గాని ఉండరాదు. రెండింటిలో ఏది తక్కువైతే అదే హద్దు. నివాస ప్రాంతానికి పగటి ప్రమాణం 55 గనుక అక్కడ హద్దు 65 అవుతుంది.

ఈ అంకెలను హారను లెక్కతో కలిపి చూడడం అవసరం. ఒక వాటుకు ఒక మీటరు దూరంలో 105 డెసిబెల్‌లు ఇచ్చే హారను ధ్వని, ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్‌ల చొప్పున తగ్గుతూ, 32 మీటర్ల దగ్గర సుమారు 75కు దిగుతుంది. అంటే సరిహద్దు అంత దూరంలో ఉన్న స్థలంలో అనుమతించిన గరిష్ఠ ధ్వనికి ఒక్క హారనుకు ఒక్క వాటు చాలు, నివాస ప్రాంతంలో అందులో పదో వంతే చాలు. మాటలో క్షణక్షణం వచ్చే హెచ్చుల కోసం పది రెట్లు అదనంగా ఉంచుకున్నా, 30 వాట్ల వాల్వు పెట్టెతో ఊరిని మేల్కొలిపిన తాతల తరం లెక్క దాటదు.

కాబట్టి చిన్న సభల కోసం ఆంప్లిఫయర్ కొనదలచిన సంఘమో, గుడి కమిటీయో, కొత్త వ్యాపారో పాటించవలసిన వరుసను ఈ చరిత్రే సూచిస్తోంది. ముందుగా స్పీకరును ఎంచుకుని, ఒక వాటుకు అది ఎన్ని డెసిబెల్‌లు ఇస్తుందో చూడాలి. సామర్థ్యం 3 డెసిబెల్‌లు ఎక్కువ ఉన్న స్పీకరు ఆంప్లిఫయర్ వాట్లను సగానికి తగ్గిస్తుంది. మాట ప్రధానమై దూరాలు ఎక్కువైతే హారన్లతో పాటు బ్యాటరీకి కూడా నడిచే 100 వోల్టుల ఆంప్లిఫయర్, హాలులో పాట ప్రధానమైతే 4, 8 ఓముల మీద ఆర్‌ఎంఎస్ వాట్లు స్పష్టంగా రాసిన ఆంప్లిఫయర్ తగినవి. 250 వాట్లకూ 500 వాట్లకూ చెవికి తెలిసే తేడా 3 డెసిబెల్‌లే గనుక, ఆ తేడాకు పెట్టే సొమ్మును మంచి మైకుకూ, మందమైన తీగకూ, షార్టు రక్షణకూ వెచ్చించడం మేలు. చివరిగా, ఆ పెట్టెను బాగుచేయగల మనిషి, దానికి కావలసిన విడిభాగం తమ జిల్లాలో ఉన్నాయో లేదో కొనకముందే విచారించుకోవాలి. అవి లేని ఆంప్లిఫయర్ ఎంత తక్కువ ధరకు వచ్చినా చవక కాదు.